రెండు వేళ్ల ఎత్తు, నాలుగు లక్షల చుట్లు

జగదల్‌పూర్ నుంచి చిత్రకోట్ జలపాతానికి దాదాపు 40 కిలోమీటర్లు. బడి వేళకు ఆ దారిలో లోహండిగూడ పరిసరాల్లో కాసేపు ఆగితే సైకిళ్ల మీద ఆడపిల్లలు గుంపులుగా పోతూ కనిపిస్తారు. వాళ్ల మోకాళ్లు గమనించండి. ఒక పిల్లకు పెడల్ పైకి వచ్చినప్పుడల్లా మోకాలు హ్యాండిల్‌కు తగులుతుందేమో అన్నంత ఎత్తుకు లేస్తుంది. ఆమె వెనకాలే వచ్చే పిల్ల పెడల్ కిందికి దిగినప్పుడల్లా ఓసారి అటు, ఓసారి ఇటు ఒరుగుతూ కాలు అందిస్తుంది. మొదటి సైకిల్ సీటు మరీ కిందికుంది, రెండోది మరీ పైకుంది. ఇద్దరూ బెల్లు కొట్టే వేళకు బడికి చేరతారు కాబట్టి సైకిల్‌లో లోపం ఉందని ఎవరికీ తోచదు.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2004-05 నుంచి సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతిలో చేరే ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాల ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తోంది. చిన్న బడి ఊళ్లోనే ఉంటుంది, హైస్కూలు దూరం. బస్తర్ లాంటి అడవి ప్రాంతంలో పిల్లల చదువు మాన్పించేది చాలాసార్లు ఆ దూరమే. బిహార్ 2006లో మొదలుపెట్టిన ఇలాంటి పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. దానివల్ల హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని 2017లో ప్రచురించారు. సైకిల్ అంత పని చేయగలదు. అయితే టోకున కొని పంచే సైకిల్ ఏ పిల్ల కాలూ కొలిచి చేసింది కాదు. తరగతిలో నాలుగున్నర అడుగుల పిల్లా ఉంటుంది, ఐదడుగులు దాటిన పిల్లా ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. గేర్లు లేని మామూలు సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5 మీటర్లు ముందుకు పోతుంది. బడి 5 కిలోమీటర్ల దూరమైతే వెళ్లడానికి వెయ్యి చుట్లు, రావడానికి మరో వెయ్యి. బడి 200 రోజులు నడిచిందనుకుంటే ఏడాదిలో ఒక్కో మోకాలు 4 లక్షల సార్లు ముడుచుకుని విచ్చుకుంటుంది. నడిచేటప్పుడు నేలను బట్టి అడుగు మారుతూ ఉంటుంది. సైకిల్ మీద ఆ వీలు లేదు. సీటు, పెడల్, హ్యాండిల్ బిగించిన చోటే ఉంటాయి, ఒళ్లే వాటికి సర్దుకోవాలి. వాటిని మనిషి ఒంటికి తగ్గట్టు సర్దే పనినే బైక్ ఫిట్టింగ్ అంటున్నారు.

సీటు కిందికుంటే ఏమవుతుందో గుంజీలు తీసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పూర్తిగా నిలబడబోయే ముందు కష్టం ఉండదు, బాగా కుంగిన చోటు నుంచి లేవడంలోనే ఉంటుంది. మోకాలు మడిచిన కొద్దీ తొడ కండరం మోకాలి చిప్పను తొడ ఎముక మీదికి గట్టిగా అదుముతుంది. సీటు కిందికున్న సైకిల్ మీద కాలు బలమంతా పెట్టేది ఆ మడతలోనే. అందుకే నొప్పి మోకాలి ముందువైపు మొదలవుతుంది. సీటు మరీ పైకుంటే కాలు అందక పిరుదులు ఊగుతాయి, మోకాలి వెనకభాగం గుంజుతుంది, తొడలు సీటుకు ఒరుసుకుపోతాయి, నడుము పట్టేస్తుంది. నొప్పి ముందా, వెనకా అని అడిగితే సీటు ఎటు జరపాలో సగం తెలిసిపోతుంది.

మరి సరైన ఎత్తు ఎంత? ముందు కాలి పొడవు కావాలి. గోడకు ఆనుకుని నిలబడి, రెండు కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైదాకా ఆనించి, దాని పై అంచు నుంచి నేల వరకు కొలవాలి. ఆ పొడవుకు 109 శాతం దూరం సీటు పైభాగం నుంచి అడుగున ఉన్న పెడల్ వరకు ఉండాలని 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు తేల్చారు. మూడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన సూత్రం ఇంకోటి ఉంది. అది కాలి పొడవును 0.883తో హెచ్చవేసి, సీటు నుంచి పెడళ్లు తిరిగే ఇరుసు వరకు అంత దూరం పెట్టమంటుంది. కాలు 70 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటి లెక్కలో సీటు నుంచి పెడల్‌కు 76.3 సెంటీమీటర్లు. రెండో లెక్కలో ఇరుసుకు 61.8, దానికి ఇరుసును పెడల్‌తో కలిపే 17 సెంటీమీటర్ల కడ్డీని, అంటే క్రాంక్‌ను కలిపితే 78.8. కాలు అదే, తేడా రెండున్నర సెంటీమీటర్లు!

తొడ ఎంత, పిక్క ఎంత, పాదం ఎంత, మడమ ఎత్తి తొక్కుతారా దించి తొక్కుతారా, చెప్పు మందం ఎంత అన్నవి ఈ రెండు సూత్రాల్లోనూ లేవు. అందుకే ఫిట్టర్లు సూత్రంతో మొదలుపెట్టినా కోణం చూసే నిర్ణయిస్తారు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు పూర్తిగా చాచిన కాలి కంటే 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలన్నది వాళ్లు పాటించే కొలత.

సీటు ఎత్తు తరువాత చూడాల్సింది చేతులు. హ్యాండిల్ దూరమైతే మోచేతులు బిగుసుకుపోయి, గుంతలో పడ్డ ప్రతి దెబ్బా భుజాలకూ మెడకూ ఎక్కుతుంది. ఒంటి బరువు అరచేతుల మీద పడితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుని చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. సీటు ముక్కు కిందికి వాలి ఉన్నా ఇదే బాధ, మనిషి ముందుకు జారుతూ చేతులతో ఆపుకుంటాడు. ముక్కు పైకి లేస్తే మెత్తని భాగాలు నొక్కుకుని మొద్దుబారతాయి. బరువు మోయాల్సినవి పిరుదుల కింది రెండు ఎముకలు. నిటారుగా కూర్చునే మన సైకిళ్లకు వెడల్పు సీటు, వంగి తొక్కే రేసు సైకిళ్లకు సన్నని సీటు ఉండేది అందుకే. ఇక సంతకు చింతపండు, ఇప్పపువ్వు మూటలు తీసుకెళ్లే సైకిల్‌కు కావడి నియమమే వర్తిస్తుంది. బరువు రెండు పక్కలా సమానంగా, వీలైనంత కిందికి వేలాడాలి. క్యారేజీ మీద ఎత్తుగా పేర్చి వెనక్కి వేలాడదీస్తే ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు.

నగరాల్లోని వృత్తి ఫిట్టర్ చేసే పని కాస్త లోతుగా ఉంటుంది. ముందు పాత దెబ్బల గురించి, రోజూ తొక్కే దూరం గురించి అడుగుతాడు. నడుము ఎంత వంగుతుందో, రెండు కాళ్ల పొడవు సమానమో కాదో చూస్తాడు. సైకిల్‌ను స్టాండు మీద బిగించి, కీళ్ల దగ్గర గుర్తులు అతికించి, తొక్కుతుండగా కెమెరాతో కోణాలు కొలుస్తాడు. హైదరాబాద్, విశాఖల నుంచి గడువులోగా ముగించాల్సిన 200, 600 కిలోమీటర్ల దూర సవారీలు, అంటే బ్రెవేలు తొక్కేవాళ్లకు, 90 గంటల్లో 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు సిద్ధమయ్యేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. అయితే ఫిట్టింగ్ వైద్యం కాదు. నిన్నటిదాకా 20 కిలోమీటర్లు తొక్కినవాడు ఇవాళ 100 తొక్కి మోకాలు వాచిందంటే సీటు జరిపి లాభం లేదు.

ఒకసారి తీసిన కొలత జీవితాంతం పనికొస్తుందనీ కాదు. బెల్జియం సైక్లింగ్ వీరుడు ఎడీ మెర్క్స్ 1969లో ఫ్రాన్సులోని బ్లువాలో పడి కటి భాగాన్ని దెబ్బతీసుకున్నాడు. ఆ తరువాత నడుము నొప్పి వదలక సీటు ఎత్తు పదేపదే మార్చుకుంటూ ఉండేవాడు. ఆ నడుముతోనే 1972లో మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పాడు. ఒళ్లు మారితే కొలత మారుతుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది.

బడిపిల్ల సైకిల్‌కు కెమెరాలు అక్కర్లేదు. ఒక గోడ, ఒక పానా, సాయం పట్టేందుకు ఒక మనిషి చాలు. పిల్ల గోడ పట్టుకుని సీటు మీద కూర్చోవాలి. మడమను పెడల్ మీద పెట్టి అట్టడుగుకు తిప్పితే కాలు నిటారుగా రావాలి, పిరుదులు ఒరగకూడదు. తరువాత పాదం ముందుభాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు దానంతట అదే తగినంత వంగుతుంది. సీటు గొట్టం మీద ఉండే హద్దు గీత మాత్రం బయటికి కనిపించకూడదు. కనిపించిందంటే గొట్టం విరిగే ప్రమాదం ఉంది, ఆ పిల్లకు ఆ ఫ్రేము చిన్నదైపోయింది.

చాలామంది సీటు కిందికి దించేది భయం వల్ల. మట్టిదారిలో ఆగాల్సి వస్తే రెండు పాదాలూ నేలకు ఆనాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ల విషయంలో ఆ భయం సబబే. బ్యాలెన్సు కుదిరి, ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగడం అలవాటయ్యాక వారానికి ఒక వేలు మందం చొప్పున పైకి లేపుకోవచ్చు. రెండు వారాలకు రెండు వేళ్లు, చాలామందికి అదే సరిపోతుంది. ఆపైన ఏడాదికోసారి చూసుకుంటే చాలు. జూన్‌లో కొత్త పుస్తకాలకు అట్టలు వేసే రోజునే పానా కూడా బయటికి తీస్తే మరిచిపోరు.