ప్రైవేటీకరణ: రద్దు చెయ్యకుండానే రద్దయ్యే రిజర్వేషన్లు

ప్రపంచీకరణ అనగానే అదేదో పెద్ద చదువుల వాళ్ళ గొడవ, మన వాడకు సంబంధం లేదనుకుంటాం. కానీ వాషింగ్టన్‌లో రాసుకున్న షరతు మన వాడలో డిగ్రీ చదివిన పిల్ల ఉద్యోగాన్ని ఎట్లా మింగుతుందో ఒక్కొక్క మెట్టూ దిగి చూద్దాం.

1991లో దేశం దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే మిగిలింది. రిజర్వు బ్యాంకు బంగారాన్ని విదేశాల్లో కుదువబెట్టారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చారు. ఆ సంస్థలో దేశానికొక ఓటు కాదు, పెట్టిన సొమ్మును బట్టి ఓట్లు. కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. ఒక్క అమెరికా చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి. అంటే అది కాదంటే కాదన్నట్టే. అప్పిచ్చిన ఆసామి ఊరికే ఇయ్యడు గదా! ఖర్చు తగ్గించాలి, విదేశీ పెట్టుబడికి దారి తియ్యాలి అన్నారు. 1991-92లోనే ప్రభుత్వ సంస్థల వాటాల అమ్మకం మొదలైంది.

ఇక్కడొక సంగతి గమనించాలి. 1990 ఆగస్టులో మండల్ సిఫార్సుల అమలు ప్రకటించారు. 1992 నవంబరులో సుప్రీం కోర్టు బీసీల 27 శాతాన్ని సమర్థించింది. బహుజనులకు తలుపు తెరుచుకుంటున్న వేళకే ఇల్లు అమ్మకానికి పెట్టారు.

రాజ్యాంగం 16(4) అధికరణం కింది రిజర్వేషన్లు రాజ్యం ఇచ్చే ఉద్యోగాలకే. కేంద్రంలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం. సంస్థ ప్రైవేటు చేతికి పోతే కొత్త నియామకాల్లో రోస్టర్ పాటించే బాధ్యతా పోతుంది. దీనికి ఏ జీవో అక్కర్లేదు, పార్లమెంటులో చర్చ అక్కర్లేదు. 2001లో బాల్కోలో 51 శాతం వాటా అమ్మితే కార్మికులు కోర్టుకెక్కారు. విధాన నిర్ణయంలో జోక్యం చేసుకోలేమని సుప్రీం కోర్టు తేల్చింది. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి పోయింది. విశాఖ ఉక్కును నూరు శాతం అమ్మడానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు పోరాడితే 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' సరే. ఆ హక్కులో మన రోస్టర్ పాయింటు కూడా ఉందని మనం కాక ఎవరంటారు?

అమ్మనిచోట కాంట్రాక్టు వచ్చింది. పోస్టు ఉండదు, పని ఉంటుంది. మునిసిపాలిటీల్లో చీపురు పట్టే చేతులు మారలేదు. పర్మినెంటు ఉద్యోగం, పింఛను మాయమయ్యాయి. ఏ చట్టమూ లేకుండానే ఊడ్చే పనిలో మనకు రిజర్వేషన్ భద్రంగా ఉంది.

మార్కెట్టుకు కులం లేదనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ప్రభుత్వ రంగం స్వర్గమని మేమూ అనడం లేదు. అక్కడా బ్యాక్‌లాగ్ పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా పెట్టారు. కానీ అక్కడ అడగడానికి చట్టముంది. ప్రైవేటు యజమానిని ఏమని అడుగుతాం? భూమి, పెట్టుబడి, సిఫార్సు చేసే బంధువు లేనివాడు మార్కెట్టులోకి ఉత్త చేతులతో పోవాల్సిందే.

కీలక పరిశ్రమలు, బీమా రాజ్యం చేతిలోనే ఉండాలని, అది రాజ్యాంగంలోనే రాయాలని అంబేద్కర్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో కోరాడు. పాలకులు మారినప్పుడల్లా మారిపోకూడదనే ఆ జాగ్రత్త. ఆ మాట పక్కన పెట్టిన ఫలితం ఇయ్యాల అనుభవిస్తున్నాం.

కాబట్టి రిజర్వేషన్లు రద్దు చేస్తారేమోనని ఎదురుచూస్తూ కూచోవద్దు. మీ జిల్లాలో ఏ సంస్థ అమ్ముతున్నారో, ఏ పని కాంట్రాక్టుకిచ్చారో, ఎన్ని పోస్టులు పోయాయో సమాచార హక్కు కింద అడిగి రాయండి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లకు చట్టం కావాలన్న డిమాండుకు ఆ లెక్కే బలం.