పిల్లి పడుకునే ఇంట్లో పక్కబట్టలు

మీ ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉందా? అయితే రగ్గు కొనేటప్పుడు రంగూ, పువ్వులూ చూసేముందు మిమ్మల్ని మీరు ఒక్క మాట అడగండి – "ఇది తడిస్తే నేను ఎత్తగలనా?" అని. కుక్కని ముద్దు చేసేది పిల్లలూ, వాళ్ళ నాన్నగారూ. పక్కబట్టలు పిండుకుని డాబా మెట్లెక్కేది మాత్రం మనమే కదా!

చలికాలం వస్తే చాలు, మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మింక్ రగ్గులు కుప్పలుపోసి అమ్ముతుంటారు. చెయ్యేస్తే మెత్తగా, వెన్నలా ఉంటాయి. కానీ రెండు పొరల రగ్గు నీళ్ళు పీల్చుకుంటే ఇద్దరు పట్టినా లేవదు. ఆరేడు కిలోల వాషింగ్ మిషన్లో సరిగ్గా తిరగదు, లోపలిదాకా నీళ్ళూ పోవు. పైగా అది పాలియెస్టర్. చలిరోజుల్లో చిటపటమంటూ వెంట్రుకల్ని తనే లాక్కుంటుంది. కొనక తప్పదంటే ఒంటిపొరది, నూగు తక్కువున్నది తీసుకోండి.

నన్నడిగితే, దగ్గరి నేత నూలు దుప్పటిని మించింది లేదు. వెలుతురుకి ఎత్తి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడితే దాంట్లోకి వెంట్రుక దూరుతుంది. గోటితో మెల్లిగా గీరండి. పోగు లేచిందా, పిల్లి గోళ్ళకి అది నెల తిరగదు. టర్కీ తువ్వాలులాగా పోగులు తేలినవి అసలే వద్దు. వేడినీళ్ళలో ఉతకాల్సి వస్తుంది గనక రంగు కూడా చూసుకోవాలి. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్దితే సంగతి తేలిపోతుంది.

కింద పరవడానికి వరంగల్ జంపఖానా బాగుంటుంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూగు ఉండదు కాబట్టి నాలుగుసార్లు దులిపితే వెంట్రుకలు రాలిపోతాయి. పెద్దది తడిస్తే బరువే, అందుకని చిన్న సైజులు రెండు కొనుక్కోండి. గొంగడి మీదికి మాత్రం జంతువుని ఎక్కనివ్వకండి. వేడినీళ్ళు తగిలితే ఉన్ని ముడుచుకుపోతుంది. బూరుగుదూది పరుపు ఉతికేది కాదు గదా, దానికి జిప్పు ఉన్న గట్టి గలీబు తొడగాల్సిందే.

ఇక కుక్కకీ పిల్లికీ పక్క కొననే అక్కర్లేదు. పాత నూలు చీరలతో మూడు పొరల బొంతలు రెండు కుట్టండి. బక్కెట్లో పట్టేంత సైజు చాలు. ఒకటి పరిస్తే ఒకటి తీగమీద. పైపొర లేతరంగుదైతే మేలు. దానిమీద మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు కనిపిస్తే తీసి తడిగుడ్డ మీద వేయండి. ఎర్రగా దిగితే జంతువు ఒంటిమీద గెంతే పురుగులున్నట్టే. ఆ పురుగుల గుడ్లు వెంట్రుకకి అంటుకోవు, పడుకున్నచోటే రాలతాయి. గూడు కట్టుకుని నెలల తరబడి ఉండగలవు. అందుకే జంతువుకి మందు వేయించిన వారమే పక్క కూడా ఉతకాలి. కుక్కల మందు పిల్లికి పూయకండి, కొన్ని దాని ప్రాణానికే ముప్పు.

మా వీధిలో ఒకింట్లో బాబుకి ఆయాసం. "పిల్లిని ఏ మిల్లు దగ్గరో వదిలేసి రండి" అని పెద్దావిడ, వదిలితే అన్నం ముట్టనని పిల్లవాడు. డాక్టరుగారు ముందు పిల్లాడి మంచం మీదికి పిల్లిని రానివ్వద్దన్నారు. మనకి పడనిది వెంట్రుక ఒక్కటే కాదండీ. పిల్లి నాకినప్పుడు అంటుకున్న ఉమ్ముతోనే అసలు చిక్కు, అది బట్టని పట్టుకుని వదలదు. ఆ ఇంట్లో ఇప్పుడు పిల్లాడి గది తలుపు పగలంతా మూసే ఉంటుంది, దుప్పటీ గలీబులూ వారం వారం వేడినీళ్ళకి వెళ్తాయి. బాబుకి కొంచెం నయం, పిల్లి వరండాలో ఉంది. అందరికీ ఇలాగే కుదురుతుందని అనను. ఆయాసం తగ్గకపోతే డాక్టరు మాటే వినాలి.

ఉతికేముందు పొడిగానే దులపండి. వెంట్రుక తడిస్తే ఉండకట్టి మిషన్ జాలీకి అడ్డం పడుతుంది. తడిపిన రబ్బరు గ్లౌజుతో ఒకేవైపు నిమిరితే ఎంత వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఉచ్చ, వాంతి, రక్తం మరకలకి ముందు చన్నీళ్ళే, తర్వాతే వేడి. పురుగులు చావాలంటే 60 డిగ్రీల వేడి కావాలి. మిషన్లో అంత వేడి లేకపోతే, ఆ వేడికి ఆగే నూలుబట్టల్ని పొగలు కక్కే నీళ్ళలో అరగంట నానబెట్టండి. మన బోరునీళ్ళలో నురగ రాదని సబ్బు గుమ్మరిస్తాం, అది బట్టలో మిగిలితే జంతువుకీ మనకీ దురదే. ఇంకోసారి జాడించండి.

ఉచ్చ వాసనకి చాలామంది బ్లీచింగ్ పౌడర్ పోస్తారు. వద్దమ్మా! ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడనివ్వని ఆవిరి లేస్తుంది. నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి జాడించి ఎండలో వేయండి. దానిలో కూడా బ్లీచింగ్ తగలనివ్వకండి. ఫినాయిల్ తుడిచిన గచ్చు ఆరకముందే పిల్లి నడిస్తే, ఆ పాదాలే నాకుతుంది. రగ్గులు బీరువాలో పెట్టేటప్పుడు కలరా ఉండలు వేస్తాం కదా, అవి కుక్కకీ పిల్లికీ విషం. ఉండలు వేసిన రగ్గుని దులిపి, రెండు రోజులు ఎండబెట్టి, ఆ తర్వాతే మంచం మీద పరవండి.