గోడ, కాగితం, మధ్యలో నీరు

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండలంలో ఇప్పుడు లేస్తున్న స్లాబు ఇళ్లలో పడకగది మీద శ్రద్ధ పెరిగింది. మూడు గోడలకు మామూలు రంగు వేసి, మంచం తల వైపు గోడకు మాత్రం పూల వాల్‌పేపర్ పెట్టాలన్న కోరిక చాలామందిలో కనిపిస్తోంది. సూర్యాపేటకో మిర్యాలగూడకో వెళ్లి రోల్స్ తెచ్చుకుని, ఫోనులో వీడియో చూసి ఇంట్లోవాళ్లే అంటించుకోవచ్చు. అది చేతకాని పనేమీ కాదు. కాకపోతే ఆ వీడియోల్లో చాలావరకు చలిదేశాల ఇళ్లే కనిపిస్తాయి. అక్కడి గోడ చట్రం మీద బిగించిన జిప్సం పలక. మనది ఇటుక, సిమెంటు ప్లాస్టరింగు, పైన లప్పం. అక్కడ చలి బయట, వెచ్చదనం లోపల. ఏసీ వేసుకున్న మన గదిలో అంతా తారుమారు. అందుకే కాగితం ఊడిన చోట జిగురును తిట్టుకునే ముందు, అక్కడికి నీరు ఎటు నుంచి వచ్చిందో చూడాలి.

ఈ గోడల అలంకరణ కథలో తెలుగు తీరానికీ వాటా ఉంది. సూర్యాపేట, కోదాడ మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. కోరమండల్ తీరపు కలంకారీ బట్టలు ఓడలెక్కి ఐరోపా వెళ్లాయి, కొన్ని అక్కడి గోడల మీదికీ చేరాయి. లండన్‌లో డైరీ రాసిన శామ్యూల్ పీప్స్ 1663లో తన భార్య చదువుకునే గది గోడలకోసం భారతదేశపు పూల బట్ట కొన్నాడు. ఆ తీగలూ పూలూ తర్వాత అక్కడి వాల్‌పేపర్ల మీదా అచ్చయ్యాయి. బట్టనైతే మేకులతో బిగించవచ్చు. కాగితాన్ని తడి జిగురుతోనే పట్టించాలి. చిక్కంతా ఆ తడితోనే.

కాగితమంటే సెల్యులోజు పోగుల పొర. మిల్లులో నీళ్లలాంటి గుజ్జు కదిలే జల్లెడ మీద పడి ముందుకు సాగేటప్పుడు ఎక్కువ పోగులు ఆ సాగే దిక్కుకే, అంటే రోలు పొడవుకే తిరుగుతాయి. పోగుకు నీరు తగిలితే లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు. వానాకాలంలో తలుపు చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకోవడం చూస్తాం కదా, ఇదీ అలాంటిదే. కాబట్టి జిగురు రాసిన కాగితం పొడవులో అలాగే ఉండి వెడల్పులో సాగుతుంది. సాధారణంగా రోలు 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది. వెడల్పులో ఒక్క శాతం సాగినా పట్టీకి 5 మిల్లీమీటర్లు. 12 అడుగుల గోడకు ఏడు పట్టీలు పడతాయి, మొత్తం మూడున్నర సెంటీమీటర్లకు పైగానే తేడా వస్తుంది.

జిగురు రాసిన వెంటనే తొందరపడి గోడకెక్కిస్తే ఆ సాగుడంతా గోడ మీదే జరుగుతుంది. పక్కకు జరగడానికి చోటుండదు, బుడగలు లేస్తాయి. అందుకే జిగురు రాసిన వైపు లోపలికి వచ్చేలా పట్టీని మడిచి, రోలు మీద రాసినన్ని నిమిషాలు నాననివ్వాలి. ప్రతి పట్టీకీ అంతే సమయం ఇవ్వాలి. ఒకటి ఐదు నిమిషాలు, ఇంకొకటి పదిహేను నిమిషాలు నానితే వాటి వెడల్పులే వేరవుతాయి, పువ్వుకు పువ్వు కలవదు. ఆరేటప్పుడు కాగితం మళ్లీ ముడుచుకుంటుంది. త్వరగా ఆరాలని ఫ్యాను పెట్టడం మనకు అలవాటు. అలా చేస్తే అంచులు ముందే ఆరి ముడుచుకుపోయి జాయింట్లు నోరు తెరుస్తాయి. ఆ రోజుకు ఫ్యానూ ఏసీ ఆపి ఉంచండి.

నాన్‌వోవెన్ అనే రకం దొరుకుతుంది. అందులో సెల్యులోజుతో పాటు పాలిస్టర్ పోగులుంటాయి, అవి నీరు పీల్చవు. కాగితం దాదాపు సాగదు, నానబెట్టే పని లేదు, జిగురు నేరుగా గోడకే రాయవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు కాస్త ధర ఎక్కువైనా దీన్నే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక జిగురు. మైదా ఉడికించినప్పుడు 60, 70 డిగ్రీల దగ్గర పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. అందులోని పొడవాటి అణుగొలుసులు బయటికొచ్చి కాగితపు సెల్యులోజును హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. పట్టు బాగానే ఉంటుంది, కానీ మైదా బూజుకు మంచి మేత. ఆ బూజు ఏం చేయగలదో చూపే పాత కథ ఒకటుంది. 1775లో కార్ల్ షీలే కనిపెట్టిన ఆర్సెనిక్ పచ్చరంగును 19వ శతాబ్దంలో ఐరోపా వాల్‌పేపర్లలో విరివిగా వాడారు. చెమ్మ గదుల్లో పడుకున్నవాళ్లు జబ్బు పడుతుండేవారు. 1890ల్లో ఇటలీ శాస్త్రవేత్త బార్తొలొమియో గోసియో కారణం వెతికాడు. ఆర్సెనిక్ ఉన్న చోట పెరిగిన బూజు విషవాయువును వదులుతుందని చూపాడు. అది ట్రైమీథైల్ ఆర్సీన్ అని 1930ల్లో లీడ్స్‌లో ఫ్రెడరిక్ ఛాలెంజర్ తేల్చాడు. ఇప్పటి కాగితాల్లో ఆ రంగు లేదు. బూజు మాత్రం అదే, దానికి కావలసిన తేమా అదే. చన్నీళ్లలో కలిసే మీథైల్ సెల్యులోజు జిగురు బూజుకు అంతగా రుచించదు, దాన్నే వాడడం మేలు.

కాగితం, జిగురు రెండూ బాగున్నా గోడ మోసం చేయవచ్చు. ఈ జిల్లాలోని మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లో సున్నపురాయి నుంచి సిమెంటు తయారవుతుంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది. కొత్త ప్లాస్టరింగు పీహెచ్ 12కు పైనే ఉంటుంది. అంత క్షారం కాగితం రంగును, జిగురును దెబ్బతీస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు పైపొరను మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మార్చాక గాని గోడ నెమ్మదించదు. పాత ఇంట్లో ఇంకో సమస్య, సున్నం పూతలు. జిగురు పట్టేది పైపొరను మాత్రమే, ఆ పొర గోడను పట్టుకుని లేకపోతే కాగితంతో పాటే ఊడి వస్తుంది. గోడకు టేపు అంటించి లాగండి. తెల్లపొడి అంటుకొస్తే గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టాల్సిందే. ప్రైమర్ లేని లప్పం జిగురులోని నీటిని గబుక్కున పీల్చేస్తుంది, పట్టీని జరిపి సర్దుకునే వ్యవధి ఉండదు.

నేల చెమ్మ ఇంతకంటే మొండిది. మూసీ, సాగర్ ఎడమ కాలువల నీళ్లు పారే నేల ఇది. పునాది మీద చెమ్మను ఆపే పొర సరిగా వేయని ఇంట్లో ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి పాకుతుంది. మిల్లీమీటరులో నూరో వంతు వ్యాసార్ధం ఉన్న గొట్టంలో నీరు సుమారు ఒకటిన్నర మీటర్లు ఎక్కగలదు. వెంట తెచ్చిన లవణాలు గోడ పైపొర దగ్గర స్ఫటికాలై పెచ్చులు లేపుతాయి. అలాంటి గోడను వాల్‌పేపర్‌తో కప్పితే చెమ్మ పోదు, ఇంకా పైకి ఎక్కుతుంది. అనుమానముంటే అడుగున్నర పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు ఒక రోజు అంటించి ఉంచండి. గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే ఆ గోడ జోలికి పోవద్దు.

ఏసీ గదికి ఇంకో జాగ్రత్త కావాలి. వానాకాలంలో బయట 32 డిగ్రీల వేడి, గాలిలో తేమ 75 శాతం ఉందనుకుందాం. ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఆవిరి నీరవుతుంది. గదిలో ఏసీ 24 దగ్గర ఉంటుంది. బయటి గోడ గుండా లోపలికి వచ్చే ఆవిరి, ప్లాస్టిక్ పూత ఉన్న వినైల్ పేపరు వెనక ఆగి అక్కడే నీరుగా మారుతుంది. పైకి పూలు చక్కగా నవ్వుతుంటాయి, వెనక నల్లబూజు కమ్ముతుంటుంది. ఎండా వానా తగిలే గోడకు వినైల్ వద్దు.

కొలతల్లోనూ తొందర పనికిరాదు. స్లాబు ఎత్తు 10 అడుగులైతే పైనా కిందా కోతకు కలుపుకుని పట్టీ 3.15 మీటర్లు, రోలుకు మూడు పట్టీలు. ఎత్తు పదిన్నర అడుగులై, పువ్వు ప్రతి 64 సెంటీమీటర్లకూ తిరిగి వచ్చే డిజైనైతే ఒక్కో పట్టీకి 3.84 మీటర్లు కోయాలి, రోలుకు రెండే వస్తాయి. ఏడు పట్టీలకు మూడు రోల్స్ చాలవు, నాలుగు కావాలి. అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి. గోడ మూలను నమ్మి మొదటి పట్టీ వేయకండి. దారానికి గుండు కట్టి వేలాడదీసి, దాని వెంట పెన్సిలు గీత గీసి, ఆ గీతకే అంచు కలపండి. స్విచ్‌బోర్డు దగ్గర తడి కాగితం కోసేముందు మెయిన్ తప్పనిసరిగా ఆపండి.

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి ఒక మనవి. ఒక వానాకాలం గడవనిచ్చి, చెమ్మ ఎక్కడెక్కడ దిగుతుందో చూసుకున్నాకే రోల్స్ కొనండి. మంచాన్ని ఇంటి లోపలి గోడ వైపు వేసుకోగలిగితే వాల్‌పేపర్ ఆ గోడకే పెట్టండి.