చాటు నుంచి ఎడానికి: ఉమ్మడి స్థలాల్లో పొగతాగే మర్యాద – సామాజిక, భాషా పరిశీలన

వ్యాస సంగ్రహం:

తెలుగు సమాజంలో పొగతాగేవారికి ఒక మర్యాద ఉంది. అది ప్రధానంగా పెద్దల కంటపడకుండా తాగడం. వయసు, వరుస, హోదాలను బట్టి నడిచే ఈ మర్యాదను ఈ వ్యాసం 'చాటు' అని వ్యవహరిస్తుంది. బస్టాండు, రైలుపెట్టె, టీ కొట్టు వంటి ఉమ్మడి స్థలాల్లో పక్కనున్న వ్యక్తి సాధారణంగా అపరిచితుడు. అతని ఊపిరిని గౌరవించడానికి చాటు సరిపోదు, 'ఎడం' కావాలి. ఈ భేదాన్ని సామెతలు, సాహిత్యం, చట్టాలు, నిత్యవ్యవహార భాష ఆధారంగా వివరించడం, అభ్యంతరం చెప్పే భారం ఎవరిపై పడుతున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ధూమపానం, మర్యాద, చాటు, ఎడం, ఉమ్మడి స్థలం, సమ్మతి, నిషేధార్థకాలు, సామెతలు.

1. ఉపోద్ఘాతం:

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట మరొకడు అని తెలుగులో ఒక సామెత ఉంది. ఎదుటివాని కష్టం పట్టని స్వార్థాన్ని చెప్పడానికి జనవ్యవహారం పొగతాగేవాణ్నే ఉపమానంగా ఎంచుకోవడం గమనార్హం. పొమ్మనలేక పొగబెట్టడం అనేది మరొక నుడికారం. నోటితో వెళ్లమనకుండా, ఉండలేని స్థితి కల్పించి ఎదుటివారిని పంపివేయడం దీని భావం. ఈ నుడికారం పొగతాగడం గురించి పుట్టినది కాకపోయినా, బస్టాండు బల్ల మీద ఒకరు సిగరెట్టు ముట్టించగానే పక్కనున్న తల్లి బిడ్డను ఎత్తుకొని లేచిపోయే సందర్భానికి అక్షరాలా సరిపోతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. అయినా ఒకరు తమ చోటు వదులుకోవలసి వచ్చింది.

ఉమ్మడి స్థలమంటే అందరికీ సమానమైన హక్కు ఉన్న చోటు. అక్కడ పొగ మర్యాద అనేది ఒకరి అలవాటుకు, మరొకరి చోటుకు మధ్య తగవు. ఈ తగవును తెలుగు సమాజం ఏ విలువలతో తీర్చుకుంటున్నదనేది ఈ వ్యాసంలోని ప్రధానమైన ప్రశ్న.

2. చాటు మర్యాద – స్వభావం, పరిమితి:

తండ్రి ఎదుట, మేనమామ ఎదుట, గురువు ఎదుట పొగతాగకపోవడం తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ కనిపించే కట్టుబాటు. యాభై ఏళ్ల కొడుక్కి ఆ అలవాటు ఉందని తండ్రికి తెలిసినా, తండ్రి వస్తుంటే కొడుకు సిగరెట్టు వెనక్కి దాచడం అరుదైన దృశ్యం కాదు. ఇందులో అలవాటు రహస్యం కాదు, దాచడమే గౌరవసూచకం.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' (తొలి కూర్పు 1897, మలి కూర్పు 1909) ఈ కట్టుబాటును తలకిందులు చేసి హాస్యం పుట్టించింది. గురుస్థానంలో ఉన్న గిరీశమే శిష్యుడైన వెంకటేశానికి చుట్ట కాల్చడం అలవాటు చేస్తాడు. గురుశిష్యుల మధ్య ఉండవలసిన చాటు తొలగిపోవడం వల్లనే ప్రేక్షకుడికి అది నవ్వుగానూ, విమర్శగానూ అందుతుంది. చాటు అనే కట్టుబాటు ప్రేక్షకుల మనసులో బలంగా ఉంటేనే ఈ హాస్యం పండుతుంది.

అయితే ఈ మర్యాదకు ఒక పరిమితి ఉంది. చాటు కాపాడేది పెద్దవారి హోదాను, తాగేవాని పరువును. అది కంటికి సంబంధించినదే తప్ప ఊపిరికి సంబంధించినది కాదు. పెద్దలు చూడకపోతే చాలు, పక్కనున్నవారు పీల్చినా ఫరవాలేదన్నది దాని అంతరార్థం. వయసులో చిన్నవారు, హోదాలో తక్కువవారు, ముక్కూమొహం తెలియనివారు దాని పరిధిలోకి రారు. ఉమ్మడి స్థలంలో ఎక్కువగా ఉండేది వారే.

3. ఎడం ఎందుకు అవసరం:

పక్కవారికి చేరే పొగ రెండు విధాలు. ఒకటి తాగేవారు పీల్చి వదిలేది, రెండవది కాలుతున్న కొస నుంచి నేరుగా గాలిలో కలిసేది. ఇతరులు పీల్చే పొగలో అధికభాగం రెండవ రకానిదే. కాబట్టి ముఖం తిప్పి పొగ వదలడం మర్యాదగా కనిపించినా ప్రయోజనం స్వల్పం. వేళ్ల మధ్య కాలుతున్న సిగరెట్టు తన పని తాను చేస్తూనే ఉంటుంది.

ఈ పొగ వల్ల కలిగే కీడు కేవలం చిరాకు కాదు. 1981లో జపాను శాస్త్రవేత్త తకేషి హిరయామా ప్రచురించిన అధ్యయనం, అధికంగా పొగతాగే భర్తలున్న, తాము పొగతాగని భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు హెచ్చుగా ఉన్నట్లు చూపింది. తరువాతి పరిశోధనలు ఈ నిర్ధారణను బలపరిచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికలోని 8వ అధికరణం పొగ బారి నుంచి ప్రజలను రక్షించడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. భారతదేశం ఈ ఒడంబడికను 2004లో ధ్రువీకరించింది. ఆ అధికరణంపై 2007లో వెలువడిన మార్గదర్శకాలు, గాలి మార్పిడి ఏర్పాట్లు మూసి ఉన్న స్థలాల్లో తగిన రక్షణ ఇవ్వలేవని స్పష్టం చేశాయి.

4. సమ్మతి నుంచి నిషేధానికి – చట్టాల క్రమం:

అభ్యంతరం చెప్పే భారం ఎవరిది? భారతీయ చట్టాలు ఈ ప్రశ్నకు మూడు కాలాల్లో మూడు సమాధానాలు ఇచ్చాయి.

1890 నాటి రైల్వే చట్టం 110వ సెక్షను ప్రకారం, అందుకై ప్రత్యేకించిన పెట్టెలో తప్ప, తోటి ప్రయాణికుల సమ్మతి లేకుండా పొగతాగడం నేరం. అందుకు ఇరవై రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. ఇక్కడ నోరు తెరవవలసినవాడు పొగతాగేవాడు. అడిగి, ఒప్పించుకొని తాగాలి.

1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షను ఈ క్రమాన్ని మార్చింది. పెట్టెలోని మరొక ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగతాగకూడదని అది నిర్దేశించింది. ఏ రైలులోనైనా పూర్తిగా నిషేధించే అధికారాన్ని రైల్వే యాజమాన్యానికి ఇచ్చినప్పటికీ, మూల సూత్రం ప్రకారం ఇప్పుడు నోరు తెరవవలసినవాడు పొగ భరిస్తున్నవాడు. అతడు మౌనంగా ఉంటే అది అంగీకారమే అవుతుంది. వందేళ్ల తరువాత వచ్చిన చట్టం ఈ ఒక్క అంశంలో పాతదానికన్నా వెనుకబడిందని చెప్పవచ్చు.

మురళీ దేవరా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఇచ్చిన ఆదేశం, 21వ అధికరణంలోని జీవించే హక్కును ఆధారం చేసుకొని, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రజా రవాణా వాహనాలు మొదలైన చోట్ల పొగతాగడాన్ని నిషేధించింది. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం (2003) 4వ సెక్షను దీనిని దేశవ్యాప్త నియమం చేసింది. ఉల్లంఘనకు రెండు వందల రూపాయల దాకా జరిమానా నిర్ణయించింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు రైల్వేస్టేషన్లు, బస్టాపులు, క్రీడా మైదానాల వంటి చోట్లను కూడా పరిధిలోకి తెచ్చాయి. ఈ దశలో సమ్మతి ప్రసక్తే లేదు. పక్కవారు ఒప్పుకున్నా నేరం నేరమే. పైగా ఫిర్యాదు ఎవరికి చేయాలో వారి పేరును ఆ స్థలంలో ప్రదర్శించాలని నిబంధనలు చెబుతున్నాయి. పొగ భరించే వ్యక్తి తానే తగవుకు దిగవలసిన అవసరం లేకుండా, ఆ భారాన్ని స్థల నిర్వాహకుడికి బదిలీ చేయడం ఈ నియమంలోని సారాంశం.

5. అభ్యంతరపు భాష:

చట్టం భారాన్ని బదిలీ చేసినా, నిత్యజీవితంలో ఆ మాట చెప్పవలసి వచ్చేది పక్కనున్నవారే. ఆ మాటల నిర్మాణం పరిశీలించదగినది.

5.1 ఫలకం భాష: 'పొగ త్రాగరాదు' అనే వాక్యంలో కర్త లేడు, సంబోధన లేదు, కారణం లేదు. '-రాదు' అనే నిషేధార్థకం అధికారాన్ని సూచిస్తుంది గాని మనిషిని చూపదు. ఎవరి కోసం తాగరాదో అది చెప్పదు. సినిమా తెరపై కనిపించే 'ధూమపానం ఆరోగ్యానికి హానికరం' అనే హెచ్చరికలో కూడా ఎవరి ఆరోగ్యమో లేదు. ప్రేక్షకుడు దానిని తాగేవాని ఆరోగ్యంగానే అర్థం చేసుకుంటాడు. 'నా ఒళ్లు, నా ఇష్టం' అనే జవాబుకు ఇక్కడే అవకాశం దొరుకుతుంది.

5.2 వ్యక్తుల భాష: తోటి మనిషితో ఎవరూ '-రాదు' అని మాట్లాడరు. సాధారణంగా వినిపించేవి: 'ఏమనుకోకండి, నాకు పొగ పడదండీ', 'పాపకు దగ్గు వస్తోందండీ', 'అన్నా, కొంచెం అటు పక్కకు వెళ్లవా'. మొదటి వాక్యంలో 'పడదు' అనే క్రియ లోపాన్ని పొగలో గాక మాట్లాడేవారి శరీరంలో చూపుతుంది. రెండవది కారణాన్ని పసిబిడ్డపైకి నెడుతుంది. మూడవది అపరిచితుణ్ని బంధువును చేసి బతిమాలుతుంది. మూడింటిలోనూ హక్కు ఉన్నవారే క్షమాపణ స్వరంలో మాట్లాడుతున్నారు. ఇది తెలుగు సంభాషణలోని సౌజన్యమే. అయినా ఆ సౌజన్యం ఒకే వైపు నుంచి రావడం ఆలోచించదగిన విషయం.

5.3 పారిభాషిక పదాలు: 'తాగు', 'కాల్చు' అనే క్రియలు తాగేవానికి, కాలే వస్తువుకు మాత్రమే సంబంధించినవి. బయటికి వెళ్లే పొగను సూచించే 'వదులు', 'ఊదు' వంటివి అలవాటుకు పేర్లు కాలేదు. ఇతరుల పొగ పీల్చడాన్ని 'పరోక్ష ధూమపానం' అనడంలోనూ ఇబ్బంది ఉంది. పానం ఇష్టపూర్వకంగా చేసే పని, బాధితుడు ఏదీ తాగడం లేదు. 'పక్కవారి పొగ' అనే మాట సులభంగానూ, బాధ్యత ఎవరిదో స్పష్టంగానూ చెబుతుంది.

6. కళాశాల గేటు ఎదుట టీ కొట్టు – ఒక నమూనా:

విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని 2003 చట్టం 6వ సెక్షను చెబుతున్నది. అమ్మకం ఆగినా తాగడం ఆగదు. జేబులో తెచ్చుకున్నవారు గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడతారు. రోడ్డు పక్క ఆరుబయట కావడంతో అక్కడ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో చాలామందికి స్పష్టత ఉండదు. అందువల్ల ఆ చోట మర్యాదే ప్రధాన నియమం.

అక్కడ తరచు కనిపించే దృశ్యం ఒకటి. అధ్యాపకుడు వస్తుండగా విద్యార్థి సిగరెట్టును అరచేతి మాటున దాస్తాడు, లేదా పారేస్తాడు. అధ్యాపకుడు దాటిపోగానే మళ్లీ ముట్టిస్తాడు. ఈలోగా పొయ్యి దగ్గర టీ కాచే మనిషి, గ్లాసులు కడిగే కుర్రవాడు అక్కడే ఉన్నారు. వారి నుంచి దాచాలన్న ఆలోచన విద్యార్థికి రాదు. బేరం పోతుందన్న భయంతో వారు అభ్యంతరం చెప్పరు, పని వదిలి పక్కకూ పోలేరు. ఒక్క నిమిషం దాటిపోయే అధ్యాపకుడికి దక్కిన మర్యాద, రోజంతా ఆ పొగలో నిలబడేవారికి దక్కలేదు. విద్యార్థికి మర్యాద తెలియదనడానికి వీల్లేదు. అతనికి తెలిసినది చాటు మాత్రమే. అదే రీతిలో, విద్యార్థుల కంటపడకుండా కొట్టు వెనక్కి వెళ్లి తాగే అధ్యాపకుడు కూడా చాటునే పాటిస్తున్నాడు. ఆ వెనుకనే గ్లాసులు కడిగే తొట్టి ఉండవచ్చు.

చాటును ఎడంగా మార్చడానికి కొత్త విలువ ఏదీ దిగుమతి చేసుకోనక్కరలేదు. పెద్దవారు వస్తే చేయి ఆగడమనే అలవాటు ఇప్పటికే ఉంది. ఆ ఆగడం హోదాను చూసి గాక, పక్కన ఊపిరి పీల్చే మనిషిని చూసి జరగాలి. జనం నిలబడిన చోటికి, ద్వారానికి, పనిచేసేవారికి దూరంగా, గాలి వాలు గమనించి వెళ్లడం, అడిగించుకోకముందే వెళ్లడం, ఆర్పిన ముక్కను నేల మీద వేయకపోవడం దాని ఆచరణ రూపాలు. ఆరుబయట ఎడం పొగను పలుచన చేస్తుంది. మూసి ఉన్న గదిలో మాత్రం ఏ మూల నిలబడినా అది ఎడం కాదు.

7. ముగింపు:

1. తెలుగు సమాజంలోని సంప్రదాయ పొగ మర్యాద హోదాపై ఆధారపడిన 'చాటు'. అది ఉమ్మడి స్థలంలోని అపరిచితులకు, చిన్నవారికి, శ్రామికులకు రక్షణ ఇవ్వదు.

2. చట్టాలు తాగేవాని సమ్మతి బాధ్యత నుంచి (1890), భరించేవాని అభ్యంతరానికి (1989), అక్కడి నుంచి స్థలాన్ని బట్టి నిషేధానికి (2003, 2008) మారాయి. చివరి దశ అభ్యంతరపు భారాన్ని బాధితుని నుంచి తొలగించింది.

3. ఫలకాల భాషలో మనిషి లేడు, వ్యక్తుల భాషలో హక్కు లేదు. 'ఇక్కడ పిల్లలు కూర్చుంటారు, దయచేసి పొగతాగకండి' వంటి, కారణం చెప్పే వాక్యాలు ఈ లోటును కొంత పూరించగలవు.

4. చట్టం స్పష్టంగా చేరని ఆరుబయట 'ఎడం' పాటించడమే మర్యాద. విద్యాసంస్థల పరిసరాల్లో అది అధ్యాపకుల ఆచరణతోనే మొదలుకావాలి.

పెద్దల కోసం సిగరెట్టు దాచిన చేయి, గ్లాసులు కడిగే కుర్రవాడి కోసం కూడా ఆగిననాడు పొగతాగే మర్యాద పౌరమర్యాద అవుతుంది.