మట్టిలో కలియు ప్లాస్టిక్కు, వేడిమి, కరెంటు తీగె



వాడిన పిమ్మట మట్టిలో కలిసిపోవు ప్లాస్టిక్కు సంచులును, మల్చింగు పరదాలును ఇప్పుడు మన గ్రామములకు వచ్చుచున్నవి. భూమికి మేలుచేయు వస్తువులు గనుక నేనును వీనిని మెచ్చుదును. అయితే మొన్న నొక మిరపతోటలో మోటారు తీగె అతుకునకు ఇట్టి సంచిముక్కను చుట్టి దారముతో కట్టియుండుట చూచితిని. "ఇదియు ప్లాస్టిక్కే గదా, కరెంటును ఆపదా?" యని ఆ రైతు అడిగెను. ప్రశ్న మంచిదే. దాని యుత్తరము తెలియనిచో ప్రాణమునకే ముప్పు. కావున ఆ సంగతిని వివరించుచున్నాను.

మొదట లోహములకును ప్లాస్టిక్కులకును గల భేదమును గ్రహింపవలెను. రాగితీగె వేడెక్కినకొలది కరెంటునకు అడ్డు హెచ్చును. ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు చొప్పున పెరుగును. ప్లాస్టిక్కు నడక దీనికి తలక్రిందులు. అది వేడెక్కినకొలది కరెంటును ఆపు శక్తి తగ్గును. ఏలయన, ప్లాస్టిక్కులో కరెంటును మోయు కణములు మిక్కిలి కొద్ది. ఉన్నవియు కదలలేక చిక్కుపడియుండును. వేడిమి వానికి కదలిక నిచ్చును.

ఇక పాలిలాక్టిక్ ఆమ్లమను ప్లాస్టిక్కును చూతము. మొక్కజొన్న, చెరకు మొదలగువాని చక్కెరను పులియబెట్టి, లాక్టిక్ ఆమ్లమును తీసి, దాని యణువులను పొడవైన గొలుసులుగా కూర్చి దీనిని చేయుదురు. చల్లగా, పొడిగా నున్నంతవరకు ఇది మంచి నిరోధకమే. కాని సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర దీని స్వభావము మారును. బెల్లపు పాకమును తలచుకొనుడు. గట్టిపడిన పాకములో నాటుకొన్న పుల్ల కదలదు; పాకమును వెచ్చజేసినచో అదే పుల్ల ఇటునటు జరుగును. అట్లే 60 డిగ్రీలు దాటగా గొలుసులు సడలి, వాని నడుమ చిక్కియున్న విద్యుత్కణములు జరుగసాగును. కరెంటు కారుట అనేక రెట్లు హెచ్చును. ఎక్కువ వోల్టేజి గలచోట ఈ కారుటచే వేడియు, ఆ వేడిచే మరింత కారుటయు కలిగి, తుదకు నిరోధకము చెడిపోవును.

సంచులను, పరదాలను చేయుటకు తరచుగా వాడునది పి.బి.ఎ.టి. అను మరియొక మెత్తని ప్లాస్టిక్కు. దీని గొలుసులు సున్నకు దిగువ సుమారు 30 డిగ్రీలవద్దనే సడలును. అనగా మన పొలములలో అవి యెల్లప్పుడును సడలియే యుండును. ఇందు పిండిపదార్థమును కూడ కలుపుటకలదు. పిండి తేమను పీల్చును. తేమ కరెంటునకు త్రోవ.

"మన ఊర 60 డిగ్రీల వేడి ఎక్కడిది?" అని మీరడుగవచ్చును. వైశాఖమాసమున నీడలోనే 45 డిగ్రీలు వచ్చు దినములు గలవు. రేకుల కప్పు క్రింద, మూసియున్న స్టార్టరు పెట్టెలో అంతకంటె హెచ్చు. వదులైన అతుకు కరెంటు పారునపుడు తనంతట తానే కాగును. ఈ మూడును కూడినచో 60 డిగ్రీలు దాటుట వింతకాదు. సామాన్యముగా తీగెలకు వాడు పి.వి.సి. తొడుగు తీగె 70 డిగ్రీలవరకు వేడెక్కినను ఓర్చునట్లు చేయబడినది. సంచిముక్క అట్లు చేయబడినది కాదు.

మరియొక సంగతి. వేడియు తేమయు కలిసినచో పాలిలాక్టిక్ ఆమ్లపు గొలుసులు తెగును. కంపోస్టు కేంద్రములలో 58 డిగ్రీల ప్రాంతపు వేడిని నిలుపుట ఇందుకే. కుప్పలో గుణమైనదే తీగెపై దోషము. చల్లారిన పిమ్మట సడలిన గొలుసు మరల బిగియును గాని, తెగిన గొలుసు అతుకుకొనదు.

కావున మట్టికై చేసిన దానిని మట్టికే వాడుడు. అతుకు వేయవలసినపుడు మెయిన్ ఆపి, తెలిసిన పనివానిచేత బిగువుగా వేయించి, కరెంటు పనికై చేసిన టేపునే చుట్టించుడు. మోటారునకు ఎర్తు సరిగా నున్నదో లేదో చూపించుకొనుడు. సంఘమువారు మంచి టేపును తెప్పించి యుంచినచో సభ్యులకు ఉపకారము కలుగును. టేపు చుట్ట ఖరీదు స్వల్పము. తడికాలితో నీరుపెట్టు మనుష్యుని ప్రాణమునకు వెల లేదు.