స్టేషన్ బెయిల్

గొడవలో ఒకరిని కొట్టి, సాయంత్రానికల్లా నిందితుడు ఇంటికి చేరితే ‘పోలీసులు అమ్ముడుపోయారు’ అనే మాట ఊరంతా పాకుతుంది. చాలాసార్లు అలా విడుదల కావడం చట్టం ఇచ్చిన హక్కే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం చేత్తో కొట్టి గాయపరచడం (సెక్షన్ 115) బెయిలబుల్ నేరం. పన్ను ఊడినా, ఎముక విరిగినా అది తీవ్ర గాయం (సెక్షన్ 117). ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అయినా మామూలుగా అదీ బెయిలబులే. ఇలాంటి కేసుల్లో పూచీకత్తు ఇస్తే ఎస్సై స్టేషన్‌లోనే విడిచిపెట్టాలి. అది ఆయన దయ కాదు. జామీను దొరకని పేదవాణ్ణి సొంత బాండు మీదే వదలాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షన్ చెబుతోంది. వారంలో పూచీ ఇవ్వలేకపోతే అతణ్ణి పేదవాడిగానే లెక్కించాలి. నా దృష్టిలో ఈ చట్టంలో మానవత్వం ఉన్న వాక్యం ఇదే. స్టేషన్ గోడ మీద పెద్దక్షరాల్లో రాయించాల్సింది కూడా ఇదే.

కత్తి, గొడ్డలి వంటి ఆయుధం వాడితే కథ మారుతుంది. గాయం చిన్నదైనా సెక్షన్ 118 కింద నాన్‌బెయిలబుల్. హత్యాయత్నం (సెక్షన్ 109) సరేసరి. అప్పుడు బెయిల్ కోర్టు విచక్షణ. సాక్షులను బెదిరిస్తాడా, పారిపోతాడా, పాత కేసులున్నాయా అన్నవి జడ్జి చూస్తారు.

బెయిల్ వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు. వాయిదాలకు వెళ్లకపోతే వారెంటు వస్తుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయండి.