మానిటర్‌పై ‘నో సిగ్నల్’ వస్తోందా? కొత్తది కొనే ముందు కేబుల్ చూడండి

సీపీయూ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి. తెరపై మాత్రం ‘నో సిగ్నల్’. మానిటర్ పోయిందనుకుని షాపుకు పరుగెత్తకండి. ఆ అక్షరాలు కనిపిస్తున్నాయంటే తెర బాగానే ఉన్నట్టు, దానికి సిగ్నల్ అందడం లేదంతే.

మానిటర్ మెనూలో ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐకి ఉందా, వీజీఏకి ఉందా చూడండి. తర్వాత కేబుల్. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. చాలామంది యూఎస్‌బీ పోర్టుల పక్కనున్న మదర్‌బోర్డు పోర్టుకు పెట్టేస్తారు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఆ పోర్టు నుంచి బొమ్మ రానే రాదు.

అప్పటికీ రాకపోతే ర్యామ్‌ను అనుమానించాలి. కరెంటు ప్లగ్ పీకేసి, ర్యామ్ తీసి, క్లిక్‌మనేదాకా మళ్లీ నొక్కండి. రెండుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి. విండోస్ లోగో కనిపించాక తెర నల్లబడితే మాత్రం అది ఎక్కువగా డ్రైవర్ తంటాయే.